పలికే నేల

“గడియ ఇరుక్కుపోతే?”

పైకే అనేసింది ఆమె. ఇంకా ఏమీ కాలేదు. పిల్ల తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది, లోపల కొత్త గడియ టక్కుమని పడింది, అంతే. ఆ టక్కు వెనకాలే ఈ మాట ఆమె నోట్లోంచి ఊడిపడింది. అన్నాక చుట్టూ చూసుకుంది, ఎవరైనా విన్నారేమోనని. వినడానికి ఎవరున్నారు గనక? ఆయన పొద్దున్నే బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు, దీపాలు వెలిగే వేళకి గానీ రాడు. పిల్లకా, వినపడదు. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఆ రెండు చెవుల్లోకీ ఏ చప్పుడూ వెళ్లడం లేదు. కాబట్టి ఇవాళ ఈ ఇంట్లో ఆమె ఎంత గట్టిగా భయపడినా కసిరేవాళ్లు లేరు. కొత్త ఇల్లు, వచ్చి వారమైనా కాలేదు, గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. అలాంటి ఇంట్లో, ఆయన లేని మొదటి మధ్యాహ్నం, పిల్ల గడియ పెట్టుకోవడం. పెట్టుకోనీ. పెట్టుకోమనే కదా గడియ వేయించింది, తనే కదా సరేనంది. సరేనంది నోరు. గుండెని ఎవరడిగారు?

స్టవ్ ముందుకి వెళ్లి నిలబడింది. పాలు పెట్టింది, మంట తగ్గించింది, మళ్లీ పెంచింది. ఈ స్టవ్ గోడకేసి ఉండదు, ఇంట్లోకి తిరిగి ఉంటుంది. ఇక్కడ నిలబడి తల ఎత్తితే పిల్ల గది తలుపు ఎదురుగా కనపడుతుంది. తలుపు కనపడుతుంది సరే, తలుపు వెనకాల? తలుపు వెనకాల పిల్ల కుర్చీ ఎక్కి ఏదైనా అందుకోబోయి పడితే? కళ్లు తిరిగితే? చెవుల వైపు నుంచి వచ్చిన జబ్బు కదా, ఎప్పుడు ఏ మూల నుంచి తిరిగొస్తుందో ఎవరికి తెలుసు, డాక్టరుకే తెలియదు. ఇలా అనుకుంటూ తలుపుకేసి చూస్తూ ఉండగా పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. చూశావా, అనుకుంది, పాలు కాచుకోవడం రానిదానివి నువ్వొక కాపలా. పక్కనున్న చెంచా తీసుకుంది, మీగడ తీయడానికి అన్నట్టు. మీగడకి కాదు. ఆ చెంచా కాడ సన్నగా, చదునుగా ఉంటుంది. పిల్ల గది తలుపుకి బయటవైపు, గడియ ఉన్నచోట, చిన్న గాడి ఉంది. అందులో కాడ దూర్చి తిప్పితే లోపలి గడియ వెనక్కి జరుగుతుంది. ఆ సంగతి ఆమెకి చెప్పి, పిల్లకి కూడా చూపించి మరీ పెట్టించింది ప్లానమ్మ.

ప్లానమ్మ అంటే ఈ ఇంటికి ప్లాను గీసినావిడ. ఆవిడ చేసే పనికి ఆర్కిటెక్టు అని పేరుంది, ఆయన బస్సులో స్టాపు పేరు చెప్పినంత తేలిగ్గా ఆ మాట అనేస్తాడు. ఆమె నాలుకకి మాత్రం అది మధ్యలో ఎక్కడో తట్టుకుంటుంది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, ఇదంతా దేనికని ప్లానమ్మ అనేసింది. ఎదురుగా మేడమ్ అని, వెనకాల ప్లానమ్మ. ఒకరోజు ఎదురుగానే జారిపోయింది. ఆవిడ నవ్వి, “అలాగే పిలవండమ్మా, నా బోర్డు మీద కూడా అదే రాయించుకుంటాను” అంది. ఆవిడ మీద అప్పటికి చాలా కోపంగా ఉండేది ఆమెకి. గడియ గురించే.

గడియలంటే ఆమెకి పడదు. పడకపోవడమేమిటి, అద్దె వాటాలో ఉన్నప్పుడు తలుపులకున్న గడియలన్నీ తన చేతులతో, కూరగాయల కత్తి మొనతో, మర ఒక్కొక్కటీ తిప్పి ఊడదీసి పారేసింది. జ్వరంలో పిల్ల స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని అక్కడే పడిపోయింది. “ఉన్నావా?” అంటే పలకలేదు. “ఉన్నావా, ఉన్నావా” అని తను తలుపు బాదుతోంది, లోపల నీళ్ల చప్పుడు ఆగడం లేదు. ఆయన భుజంతో తలుపు బద్దలు కొట్టాడు. ఆ భుజం ఇప్పటికీ వాన ముందు లాగుతుంది. పొద్దున కూడా చొక్కా వేసుకుంటూ భుజం నిమురుకున్నాడు, అంటే ఇవాళ వాన ఉంది. ఆ తర్వాత ఆసుపత్రి, ఆసుపత్రి వరండాలో బల్ల, ఆ బల్ల మీద ఎన్ని రోజులు కూర్చుందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. బతికి వచ్చింది చాలు. పిల్ల బతికి వచ్చింది, చెవులు అక్కడే ఉండిపోయాయి. ఆ రోజు నుంచి ఆమె బతుకులో గడియ అన్నది లేదు. పిల్ల స్నానం చేస్తుంటే గుమ్మం బయట పీట వేసుకుని కూర్చునేది. పదిహేడేళ్ల పిల్ల. మొహం మాడ్చుకునేది. మాడ్చుకోనీ, మొహం ఉంది కదా మాడ్చుకోవడానికి.

వాన మొదలైంది. ఆయన భుజం అబద్ధం చెప్పదు. కిటికీ దగ్గరికి నడిచింది. ఇది మామూలు కిటికీ కాదు, గోడ లోపలికి జరిగి అక్కడొక అరుగులా ఉంటుంది, కూర్చోవచ్చు. కూర్చుంటే వీధి మలుపు దాకా కనపడుతుంది, కుడివైపు తల తిప్పితే ఇంట్లో అన్ని తలుపులూ కనపడతాయి. దీని పేరు భయాల గది. పేరు పెట్టింది ఆయన. ప్లానమ్మ మొదటిసారి అద్దె వాటాకి వచ్చినప్పుడు, ఎన్ని గదులు కావాలో చెప్పండి అనగానే ఆయన అందుకున్నాడు: “మేడమ్, మాకు రెండు గదులు చాలు గానీ, మా ఆవిడ భయాలకి విడిగా ఒక గది కట్టాలి. కాస్త పెద్దదే కట్టండి.”

“ఊరుకోండి, ఆవిడ ముందా?” అంది తను, మొహం ఎర్రబడి.

ప్లానమ్మ నవ్వలేదు. అదే వింత. నవ్వకుండా తలకాయ ఊపి, “ఎక్కడ నిలబడి భయపడతారమ్మా మీరు?” అని అడిగింది. ఎవరైనా అలా అడుగుతారా? ఇన్నేళ్లలో భయపడకు అన్నవాళ్లున్నారు, నీ భయం తగలెయ్య అన్నవాళ్లున్నారు, ఆసుపత్రిలో ఒక నర్సు అయితే మీ భయంతో మాకు పని జరగడం లేదు, బయటికి నడవండి అంది. ఎక్కడ నిలబడి భయపడతావని అడిగినవాళ్లు లేరు. ఆమె ఆలోచించి నిజమే చెప్పింది. ఆయన రావడం ఆలస్యమైతే వీధి గుమ్మంలో నిలబడతాను, అక్కణ్నుంచి పిల్ల కనపడదు, అందుకని లోపలికి వస్తాను, లోపల్నుంచి వీధి కనపడదు, అందుకని మళ్లీ గుమ్మంలోకి వెళ్తాను. “అలా తిరుగుతూనే ఉంటానండీ, ఆయన వచ్చేదాకా.” ఆవిడ విని, “అయితే కాళ్లు నొప్పెడతాయి కదా, కూర్చుని భయపడేలా చూద్దాం” అంది. అప్పుడు తనకి నవ్వొచ్చింది, ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఇల్లు కట్టాక ఈ అరుగు మీద కూర్చోబెట్టి, సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది. చెప్పుల కొట్లో కాలు కొలిచినట్టు తన భయం కొలతలు తీసుకుని కట్టింది. తమాషా ఏమిటంటే ఇక్కడ కూర్చుంటే సగం భయం పోతుంది. రెండు వైపులా కనపడుతుంటే ఏముంటుంది భయపడటానికి? మిగతా సగం ఎప్పుడూ ఉండేదే, అది ఇంటిది కాదు, తనది.

అరుగు పక్కన మేకుకి గొడుగు వేలాడుతోంది, నల్లది, పిడి దగ్గర దారం చుట్టింది. ప్లానమ్మది. ఈ గొడుగు వల్లే ఆవిడ తమకి దొరికింది. రోజూ ఆయన బస్సులోనే ఎక్కేది, ముందు సీట్లోనే కూర్చునేది, ఎండైనా వానైనా చేతిలో ఇదే. ఆయన గొడుగావిడ అనేవాడు ఇంట్లో చెప్పేటప్పుడు. ఇవాళ గొడుగావిడ సంచిలోంచి అగ్గిపెట్టెంత ఇల్లు తీసి మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకుంటోందోయ్ అన్నాడొకరోజు. అట్టముక్కల ఇల్లు. బొమ్మలిళ్లు చేస్తుందేమో అనుకున్నారు. తర్వాత ఆయనే ఉండబట్టలేక అడిగితే, నిజం ఇళ్లకి ప్లాన్లు గీస్తానని చెప్పిందట. ఆఖరి రోజు, తాళాలు చేతిలో పెట్టి ఆవిడ వెళ్లిపోతుంటే, ఆమె ఎన్నో మాటలు కూడబెట్టుకుని వెనకాలే గుమ్మం దాకా వెళ్లింది. మేడమ్, అంది. ఆవిడ ఆగింది. ఆ కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, “కాఫీ తాగి వెళ్లండి” అని వచ్చింది నోట్లోంచి. ఆవిడ తాగే వచ్చానమ్మా అని వెళ్లిపోయింది, గొడుగు ఇక్కడే మర్చిపోయి. ఇప్పుడీ వానలో ఎక్కడ తడుస్తోందో. తడిస్తే జలుబు, జలుబు ఛాతీలోకి దిగితే, ఆ వయసులో... ఆమె గొడుగు తీసి మడతలు సరిచేసి మళ్లీ తగిలించింది. ఆయన చేత రేపు బస్సులో పంపాలి.

కరెంటు పోయింది.

పైన పంకా చప్పుడు నెమ్మదిగా ఆగిపోయింది. ఇల్లంతా బూడిద రంగులోకి దిగింది. ఆమె లేచి నేరుగా వంటింట్లోకి వెళ్లి, అలవాటుగా, గోడకున్న చిన్న మీట నొక్కింది. ఆ మీట నొక్కితే పిల్ల గదిలో పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. పిల్ల తనవైపు మీట నొక్కితే ఇక్కడ వెలుగుతుంది. ఉన్నావా, ఉన్నా, అన్నమాట. వీధి గంట నొక్కినా ఇంట్లో అన్ని గదుల్లో దీపాలే వెలుగుతాయి. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మీట నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. ఇప్పుడు నొక్కింది, ఏం లాభం, కరెంటు లేదు కదే పిచ్చిదానా. సరే. దీపం పోతే ఏం చేయాలో కూడా ఆవిడ ఆలోచించింది. దానికే ఈ చెక్క. వంటింటి నేలంతా రాయి. పిల్ల గదిలో నేలంతా చెక్క, అడుగున ఖాళీ. ఆ గదిలోంచి ఒక చెక్క పట్టీ గోడ కిందినుంచి ఇవతలికి వచ్చి, వంటింటి మూల దాకా ఉంటుంది. ఈ కొస మీద కాలితో కొడితే ఆ గది నేల అదురుతుంది. పిల్ల మంచం మీదున్నా, కుర్చీలో ఉన్నా పాదాల్లోకి తెలుస్తుంది. ఆమె వెళ్లి ఆ మూల నిలబడింది. కాలి కింద బొంత మెత్తగా తగిలింది. తనే కుట్టింది, పాత చీరలు మడతలు వేసి, తడికాలితో ఎవరూ జారకుండా. కుడికాలు ఎత్తి గట్టిగా ఒకటి వేసింది. ఆగింది. వాన. మళ్లీ వేసింది.

ఏమీ లేదు.

నిద్రపోతోందేమో. గడియ పెట్టుకుని నిద్రపోవడం ఏమిటి? చీకటి పడితే పిల్లకి మరీ కష్టం, చెవుల పని కూడా కళ్లే చేయాలి, వెలుతురు లేకపోతే రెండూ పోయినట్టే. అందుకే కదా ఆ గదికి రెండు వైపులా కిటికీలు పెట్టించింది ప్లానమ్మ. భోజనాల బల్ల దగ్గర తన కుర్చీ కిటికీకి వీపు పెట్టి వేసుకుంటానంటే ఒప్పుకోలేదు. గాలి వస్తుంది మేడమ్ అంటే, “గాలి వస్తుందమ్మా, కానీ వెలుతురు మీ వెనకుంటే మీ మొహం చీకటైపోతుంది. పాపకి మీ మాట కనపడదు” అంది. మాట కనపడటం! ఆ మాట విని ఆమె ఆ రోజంతా అదే అనుకుంటూ తిరిగింది. నిజమే, పిల్ల పెదాలు చూసే కదా వింటోంది. తను ఎన్నిసార్లు వెనక్కి తిరిగి, గిన్నెలు కడుగుతూ, గోడతో మాట్లాడినట్టు మాట్లాడి, చెప్తే పలకవేమే అని విసుక్కుందో. అందుకే బల్ల గుండ్రంగా చేయించింది ఆవిడ, అందరి మొహాలూ అందరికీ కనపడేలా. అందుకే స్టవ్ ఇటు తిప్పింది. గోడల మూలలు కోసి గుండ్రం చేసింది, ఎవరైనా ఎదురొస్తే ముందే కనపడి పిల్ల ఉలిక్కిపడకుండా. ఇవన్నీ తనకి తట్టాయా? కన్నతల్లికి తట్టలేదు. తను గ్రిల్స్ అడిగింది. అన్ని కిటికీలకీ గ్రిల్స్, డాబా మీద గోడ ఇంకా ఎత్తు, గేటుకి రెండు తాళాలు. ఆవిడ అన్నీ ఓపిగ్గా రాసుకుని, గ్రిల్స్ వేసింది కూడా, సన్నటి తీగల్లా, కళ్లకి అడ్డం రాకుండా. తన మాట కాదనలేదు. కాదనకుండానే పిల్ల మాట కూడా నెగ్గించింది.

మళ్లీ కాలు వేసింది, ఈసారి మడమతో. మోకాలు అదిరింది గానీ గదిలోంచి ఏమీ రాలేదు. నేల కింద మళ్లీ ఇసుక పడిందా? మేస్త్రి మీద అనుమానం వచ్చింది. పాపం మేస్త్రి. ఆయన చేసిన ఘనకార్యం గుర్తొస్తే ఇంత భయంలోనూ నవ్వొస్తుంది. నేల కింద ఖాళీ వదలమంటే ఆయనకి ప్రాణం ఒప్పలేదు. చెక్కల మీద నడిస్తే డబడబమంటోంది, ఇదేం పని, రేపు ఎవరైనా వచ్చి ఆ మేస్త్రి కట్టిన ఇల్లు గుల్ల అంటే ఏం మొహం పెట్టుకోవాలి? గుల్ల అన్న మాట ఆయనకి తిట్టు. ఎవరికీ చెప్పకుండా, కూలి కూడా అడగకుండా, చెక్కలు విప్పి అడుగంతా ఇసుక కూరి, దిమ్మిసా కొట్టి, మళ్లీ బిగించేశాడు. ప్లానమ్మ వచ్చేసరికి గుమ్మంలో ఎదురెళ్లి మరీ చెప్పాడు.

“మేడమ్, తొక్కి చూడండి. రాయిలా ఉంది!”

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వెళ్లి తొక్కింది. ఇంకోసారి తొక్కింది. ఇంట్లో ఎవరో పోయినట్టు అయింది ఆవిడ మొహం. “మేస్త్రిగారూ, నాకు రాయి వద్దండీ. డోలు కావాలి.”

“ఇల్లు కట్టమన్నారా, డోలు కట్టమన్నారా? ముందే చెబితే డోలు కట్టేవాడి అడ్రసిచ్చేవాణ్ని కదా!”

ఆవిడకి నవ్వొచ్చేసింది. నవ్వి, ఆయన చెవుల్లో దూది పెట్టించింది, కళ్లు మూయించింది, వట్టికాళ్లతో గది మధ్యలో నిలబెట్టింది. నేల అదిరితే చెయ్యెత్తండి అంది. తనని వంటింట్లోంచి చెక్క మీద కొట్టమంది. తను కొట్టింది, కొట్టింది, మేస్త్రి బొమ్మలా నిలబడ్డాడు. పిల్ల గుమ్మంలో నిలబడి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వింది. అదిగో, అది, ఆ నవ్వు చూసి తను కొట్టడమే మర్చిపోయింది. ఇసుకంతా తీసేశాక మళ్లీ పరీక్ష. తను కొట్టీ కొట్టగానే మేస్త్రి రెండు చేతులూ ఎత్తేసి, దూది పీకేసుకుని, “చెల్లెమ్మా, అరికాళ్లలోకి వచ్చింది! పలుకుతోంది నేల, పలుకుతోంది!” అని కేకలు పెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా వచ్చినవాళ్లందరి చెవుల్లో దూది పెట్టి నిలబెట్టాడు. రంగులవాడు పని మానుకుని రెండుసార్లు నిలబడ్డాడు.

లేదు, ఇసుక లేదు. తన కళ్లముందే తీశారు. మరి పిల్ల ఎందుకు పలకదు?

“ఉన్నావా?” అంది పైకి. అనవసరం అని తెలుసు. ఈ మాట కూడా ప్లానమ్మే పట్టుకుంది. వాటాలో ఒక మూల పీట వేసుకుని పొద్దంతా కూర్చుంది ఆవిడ, టేపు బయటికి తీయలేదు, ఒక గీత గీయలేదు. చివరికి, “మీరు ఇందాకట్నుంచి ఉన్నావా, ఉన్నావా అంటున్నారు, ఎవర్నమ్మా?” అంది. అలా అంటున్నట్టు తనకి తెలియనే తెలియదు. పిల్లకి మాటలు వచ్చిన దగ్గర్నుంచి అలవాటు. గిన్నె తోముతూ ఉన్నావా అంటే, ఏ మూలనుంచో ఉన్నా! అని వచ్చేది. ఊరికే ఒక ఉన్నా కాదు, ఉన్నా ఉన్నా ఉన్నా అని పాట కట్టేది, దానికి వెనకాల రాగం, దాని వెనకాల వీధిలో ఏం చూసిందో, ఎవరేం అన్నారో, ఊపిరి తీసుకోకుండా. వాళ్ల నాన్న వసపిట్ట అనేవాడు. వసపిట్టా, కాస్త ఆగవే, నా బస్సుకి కూడా స్టాపులుంటాయి అనేవాడు. ఇప్పుడా పేరుతో పిలవడు. జ్వరం తర్వాత కొన్నాళ్లు మాట్లాడింది పిల్ల. తన గొంతు తనకి వినపడక, ఒక్కోసారి కేకలా, ఒక్కోసారి గుసగుసలా వచ్చేది. బళ్లో నవ్వారట. పక్క వాటావాళ్లు గోడ తట్టేవారు. తనేమో, పిల్ల నోరు తెరవగానే చెయ్యి ఎత్తి గాలిని కిందికి నొక్కినట్టు నొక్కేది, మెల్లగా, మెల్లగా అని. పిల్ల తన చేతిని చూసేది. కొన్నాళ్లకి నోరు తెరవడం మానేసింది. రెండేళ్లు దాటింది.

ఆ చెయ్యి నొక్కడం కూడా ఆవిడ కళ్ల పడింది. ఇల్లు కట్టేటప్పుడు, పిల్ల గది ఎటు పెట్టిందో చూపిస్తూ అంది: “ఈ గదికి పక్కవాళ్ల గోడ తగలదమ్మా. ఇటు మీ వంటిల్లు, అటు పెరడు. ఎంత గట్టిగా మాట్లాడినా విసుక్కునేవాళ్లు లేరు.” అని తన చేతివైపు చూసింది, ఒక్క క్షణం. పిల్లని కూడా అడిగింది ఆవిడ. ఎదురుగా కూర్చుని, వెలుతురు తన మొహం మీద పడేలా జరిగి, నీకేం కావాలి అని. పిల్ల తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, తర్వాత రెండు వేళ్లు పక్కకి జరిపింది. ఇలా. గడియ. ఇంకేదైనా అడుగు తల్లీ, అద్దం అడుగు, ఊయల అడుగు. పిల్ల ఇంకేమీ అడగలేదు. ఆవిడకి ఎదురుతిరిగింది తను, ఏడ్చింది, ఆ స్నానాల గది సంగతి మొత్తం చెప్పింది. ఆవిడ అంతా విని, ఆ గాడి గీసి చూపించింది. “ఇది బయటినుంచి తెరుచుకుంటుంది. మీ చేతిలో ఉంటుంది. ఉందన్న ధైర్యానికే పెడుతున్నానమ్మా, రోజూ తిప్పడానికి కాదు.”

ఆమె తలుపు ముందు నిలబడి ఉంది. ఎప్పుడు నడిచి వచ్చిందో తెలియదు. చెంచా కాడ గాడిలో ఉంది. తిప్పితే చాలు. తిప్పితే పిల్ల కనపడుతుంది, గుండె కుదుటపడుతుంది. కుదుటపడ్డాక? పిల్ల తిరిగి చూస్తుంది, ఆ చూపు ఆమెకి తెలుసు, పీట మీద కూర్చున్నన్నాళ్లూ చూసిన చూపే. మళ్లీ ఎప్పటికీ గడియ పెట్టుకోదు. అడగదు కూడా. ఇంత ఇల్లు, ఇన్ని గోడలు, ఒకావిడ ఇన్ని నెలలు తల బద్దలు కొట్టుకుని కట్టిన ఇల్లు, ఒక చెంచా తిప్పుడుతో మళ్లీ ఆ అద్దె వాటా అయిపోతుంది. కానీ లోపల పిల్ల పడి ఉంటే? తలుపుకి చెవి ఆనించింది. వాన చప్పుడులో ఏదో సన్నగా ఉంది, గొణుగుడులా, ఆగి ఆగి. వాన నీళ్లు గొట్టంలో పడుతున్నాయా? మూలుగా? మూలుగైతే? కాదు, మూలుగు అలా పైకీ కిందికీ పోదు.

చెంచా తీసేసింది. ఇంకొక్కసారి. ఇంకొక్కసారి నేలనే అడుగుదాం, అది పలక్కపోతే అప్పుడు చూద్దాం. పరుగున వంటింటి మూలకి వెళ్లి కాలెత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

బొంత.

నాలుగు చీరల మడత, దాని లోపల పాత దుప్పటి. ఎవరూ జారకూడదని కుట్టి, తడి పీల్చాలని మందంగా వేసి, తెచ్చి తెచ్చి సరిగ్గా ఈ చెక్క మీదే పరిచింది. మేస్త్రి ఇసుక కూరాడని నవ్వింది కదా, తనేం చేసింది? మేస్త్రి కిందినుంచి నేల నోరు నొక్కాడు, తను పైనుంచి. “నీ జాగ్రత్త తగలెయ్య” అని తననే తిట్టుకుంది, అచ్చం పిల్ల తండ్రి గొంతుతో. వంగి బొంత లాగేసి అటు విసిరింది. చెక్క బయటపడింది, లేత రంగులో, మెరుస్తూ. ఇంట్లో వేసుకునే చెప్పులు విప్పేసింది. వట్టికాలితో, మెల్లగా కాదు గట్టిగా కాదు, ఒకటి వేసింది. డబ్ అంది నేల. ఆ చప్పుడు చెక్క వెంట గోడ కిందికి దూరి అవతలికి వెళ్లడం ఆమెకి తెలిసింది.

గొణుగుడు ఆగిపోయింది.

వాన ఒక్కటే ఉంది. ఎందుకో అప్పుడు ఆ దృశ్యం కళ్ల ముందుకి వచ్చింది. పని అంతా అయిపోయిన రోజు ప్లానమ్మా పిల్లా ఇద్దరూ ఆ గదిలో కొత్త నేల మీద బల్లుల్లా బోర్లా పడుకుని, అరచేతులు చెక్కకి ఆనించి, మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని ఉన్నారు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, పిల్ల తన చేతికేసి చూసుకుంటోంది. ఈ వయసులో ఈవిడకి ఇదేం ఆట అనుకుని తను వెళ్లిపోయింది. ఇప్పుడు తెలుస్తోంది. చెక్క మీద చెయ్యి పెట్టి మాట్లాడితే మాట చేతికి తెలుస్తుంది. ఎంత గట్టిగా వచ్చిందో, ఎక్కడ ఆగిందో. గడియ పెట్టుకుని, ఎవరూ చూడకుండా, ఎవరూ చెయ్యి ఎత్తి మెల్లగా అనకుండా, పిల్ల ఇంతసేపూ... అమ్మా, ప్లానమ్మా, నీ కడుపు చల్లగుండ, నువ్వు కట్టింది గది కాదే తల్లీ. ఆవిడని ‘నువ్వు’ అనేసినట్టు కూడా ఆమెకి తెలియలేదు.

అరికాళ్లలోకి వచ్చింది. అవతలినుంచి, చెక్క వెంట, రెండుసార్లు. డబ్. డబ్. మేస్త్రి రెండు చేతులూ ఎందుకెత్తాడో ఆమెకి అర్థమైంది. దాని వెనకాలే, తలుపు అవతలినుంచి, తుప్పు పట్టిన గొళ్లెం కదిలినట్టు, ఏటికి అవతలి ఒడ్డునుంచి అరిచినట్టు, ఎగుడుదిగుడుగా, ఇల్లంతా నిండిపోయేలా వచ్చింది.

“ఉన్నా!”

ఆమె చెయ్యి అలవాటుగా లేచింది. గాలిని నొక్కబోయిన చెయ్యి మధ్యలోనే ఆగి, తిరిగొచ్చి ఆమె నోటి మీద పడింది.

“ఉన్నానే అమ్మా! కరెంటు పోయిందిగా, భయపడుతున్నావా?” ఒక్క క్షణం ఆగింది ఆ గొంతు, చేతికి అందిందో లేదో చూసుకుంటున్నట్టు. “నువ్వున్నావా?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఉన్నా అనబోయింది. అంటే ఏం లాభం, పిల్లకి వినపడాలి కదా. కన్నీళ్లు చెక్క మీద పడుతున్నాయి, తడిస్తే జారతారేమో అనుకుంది, అనుకుని, ఆ అనుకోవడం పక్కన పెట్టి, కుడికాలు ఎత్తి నేల మీద కొట్టింది.